మిశ్రబోధనము: గురువునకు తోడా, మారా?

ఒక పనిముట్టు మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు, ఆ పనిముట్టును మాత్రమే చూచి సమాధానము చెప్పుట సాధ్యము కాదు. అది యెవరి చేతిలో నున్నది, ఎవరి ఖర్చుతో నడచుచున్నది, దానివలన ఎవరి పని తేలికపడుచున్నది, ఎవరి పని పెరుగుచున్నది యను సంగతులను విచారించిన పిదపనే తీర్పు చెప్పవలెను. మన విశ్వవిద్యాలయములలో కొన్ని సంవత్సరములుగా వినవచ్చుచున్న మిశ్రబోధనము, అనగా బ్లెండెడ్ లెర్నింగు, అను పద్ధతిని గూర్చి మేమిట్టి విచారణ చేయదలచితిమి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల కళాశాలలలో పాఠములు చెప్పువారితో ముచ్చటించి, వారి శిష్యులలో కొందరి యిండ్లను చూచి, మాకు కలిగిన అభిప్రాయమును దాపరికము లేకుండ చెప్పుచున్నాము. మిశ్రబోధనము గురువునకు తోడుగా వచ్చినచో స్వాగతార్హము; గురువునకు మారుగా వచ్చినచో అది విద్య పేర జరుగు వంచన.

పద్ధతి స్వరూపము సులభముగనే తెలియును. పాఠ్యాంశములో కొంత భాగమును తరగతిగదిలో ముఖాముఖిగాను, తక్కిన భాగమును ఇంటర్నెట్టు ద్వారమునను నేర్పుటయే మిశ్రబోధనము. యూజీసీ యని అందరు నెరిగిన విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు మే 2021లో ఒక భావపత్రమును ప్రకటించి, ఒక్కొక్క పాఠ్యాంశములో నూటికి 40 వంతుల వరకు దూరమార్గమున బోధింపవచ్చుననియు, మిగిలిన 60 వంతులు ప్రత్యక్షముగ బోధింపవలెననియు సూచించిరి. ఆ మాసము ఎట్టిదో మన యిండ్లలో నెవ్వరును మరువలేదు. మహమ్మారి రెండవ విజృంభణలో ఆసుపత్రులయందు పడకలు దొరకక జనులు తల్లడిల్లుచుండగా, బోధనాపద్ధతిని శాశ్వతముగ మార్పదగిన ప్రతిపాదనపై అభిప్రాయములు తెలుపుడని విద్యాలోకమును కోరిరి. అడుగుట మంచిదే, అడిగిన వేళ మంచిది కాదు.

మమ్ము యంత్రద్వేషులని ఎవ్వరైన తలంచినచో, వారీ ప్రాంతపు చరిత్రను చూడవలెను. భారతదేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర పుట్టిన ఆ సంస్థ నేడు డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు పేర నడచుచున్నది. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రామరెడ్డిగారు కరీంనగరు జిల్లాలో జన్మించినవారు. తరువాతి కాలమున దానికి ఉపకులపతిగ నుండిన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్ల చెంతనున్న హనుమాజీపేటలో జన్మించినవారు. ఒంటరిగ కూర్చుండి చదువుకొనువానికి తెలియునట్లు ప్రత్యేకముగ వ్రాయించిన పాఠ్యపుస్తకములు, రేడియో పాఠములు, అధ్యయనకేంద్రములలో సెలవుదినమున జరుగు సంపర్క తరగతులు, ఈ మూటి కూడికయే ఆ విద్యాలయపు పద్ధతి. అదియు మిశ్రబోధనమే. ఉద్యోగము చేసికొనుచు, సంసారము నడుపుకొనుచు నున్న ఎందరో స్త్రీపురుషులు దానివలన పట్టభద్రులైరి. కావున దూరబోధన మనకు క్రొత్త కాదు, శత్రువును కాదు. కాని యొక భేదము గమనింపుడు. సార్వత్రిక విశ్వవిద్యాలయము కళాశాల గడప తొక్కలేనివారి యింటికి కళాశాలను పంపినది. ఇప్పటి ప్రతిపాదన, గడప తొక్కి వచ్చిన విద్యార్థిని కొంతసేపు మరల యింటికి పంపుచున్నది. మొదటిది లేనివారికి పెట్టుట. రెండవది ఉన్నవారియొద్ద కొంత తీసికొనుట. తీసికొన్నదానికి బదులేమి యిచ్చుచున్నారని అడుగు హక్కు మనకు కలదు.

మార్చి 2020లో విద్యాలయములు మూతపడినపుడు, ఈ మూడు పట్టణముల అధ్యాపకులు తగిన శిక్షణయు, పరికరములును లేకయే తమ పాఠములను తెరమీదికి మార్పవలసి వచ్చినది. తమ సొంత ఫోను, తమ సొంత డేటా, తమ యింటిలో నొక గోడ, ఇవియే వారి సామగ్రి. ఫోనును కుర్చీ వీపునకు బిగించి చిన్న నల్లబల్లపై సమీకరణములు వ్రాసినవారు కలరు. జూము, గూగుల్ మీటు మొదలగువానిని తమ పిల్లలవలన నేర్చుకొన్న పెద్ద అధ్యాపకులు కలరు. ఫిబ్రవరి 2021లో కళాశాలలు తెరచుటయు, మార్చిలో మరల మూయుటయు, సెప్టెంబరున తిరిగి తెరచుటయు జరుగుటచే, వారు పాఠ్యక్రమమును ఇటునుండి అటునకును, అటునుండి ఇటునకును మాటిమాటికి మోయవలసి వచ్చినది. ఆ కష్టకాలమున వారు చేసిన సేవను ఎవ్వరును తక్కువ చేయరాదు. కాని ఆపద్ధర్మము వేరు, నిత్యధర్మము వేరు. ఇల్లు కాలుచుండగా కిటికీనుండి దూకి ప్రాణము దక్కించుకొన్నవానిని మెచ్చుకొనవచ్చును. అంతమాత్రమున ఇకమీదట ఇంటికి కిటికీయే వాకిలి యని శాసింపరాదు.

ఆ అనుభవమునుండి అధ్యాపకులు మాతో చెప్పిన మొదటి సంగతి ముఖమును గూర్చినది. తరగతిలో నిలిచి పాఠము చెప్పువాడు ఎడతెగక విద్యార్థుల ముఖములను చదువుచుండును. మూడవ వరుసలోని పిల్లవాని కనుబొమలు ముడివడగనే, చెప్పిన మాటనే మరియొక విధముగ చెప్పును. తెరపై ముఖములు లేవు. పేర్ల వరుస మాత్రమే కలదు. డేటా ఖర్చగునని కెమెరాను, ఇంటి సందడి వినబడునని మైకును విద్యార్థులు మూసివేయుదురు. పేరు వెలుగుచున్న విద్యార్థి వినుచున్నాడో, ఫోనును గూటిలో పెట్టి పొలమునకు పోయినాడో గురువునకు తెలియదు.

రెండవ సంగతి పనిని గూర్చినది. గంటసేపటి ఉపన్యాసమును ఉన్నదున్నట్లు వీడియో తీసి పంపినచో తుదివరకు చూచువారు తక్కువ. దానిని పది నిమిషముల తునకలుగ కోయవలెను. ప్రతి తునకకును ఒక ప్రశ్న, ఒక పటము, ఒక అభ్యాసము కూర్పవలెను. ఏది యింట చూడదగినదో, ఏది తరగతిలో చర్చింపదగినదో విడదీయవలెను. ఇది పాఠమును ఒక పెట్టెలోనుండి మరియొక పెట్టెలోనికి మార్చుట కాదు, క్రొత్త గ్రంథమును రచించుటతో సమానము. పగలు తరగతి, సాయంకాలము చిత్రీకరణ, రాత్రి వాట్సాపులో సందేహములకు సమాధానములు, మరునాడు వీటన్నిటికి పట్టికలు నింపి పైవారికి పంపుట. పని చోటు మారినదని పైవారు తలంచిరి. పని రెండింతలైనదని చేసినవారికి తెలిసినది.

మూడవ సంగతి మేలును గూర్చినది. దానిని దాచుట అన్యాయము. తరగతిలో సంవత్సరమంతయు నోరు విప్పని విద్యార్థిని రాత్రివేళ వ్రాతమూలమున చక్కని ప్రశ్న వేసినది. జ్వరము వచ్చి రెండు వారములు రాలేకపోయినవాడు ఆ పాఠములను చూచి తరగతిని అందుకొన్నాడు. చురుకుగానివాడు ఒక భాగమును నాలుగు మారులు వెనుకకు త్రిప్పి చూచి, సిగ్గుపడకుండ నేర్చుకొన్నాడు. ఈ మేళ్లను చవిచూచిన అధ్యాపకులు పాతపద్ధతికే పూర్తిగ మరలిపోవుటకు ఇష్టపడుట లేదు. వారు కనుగొన్న సూత్ర మొక్కటే: చెప్పదగినది ఇంటికి, అడుగదగినది తరగతికి. పాఠము ముందుగ విని వచ్చిన విద్యార్థితో తరగతిగంటలో వాదించి, లెక్క చేయించి, తప్పు దిద్ది పంపవలెను. ఇట్లు చేసినచో గురువు పని తగ్గదు. గురువు అవసరము మరింత పెరుగును.

ఇప్పుడు మూడు పట్టణములను వేరువేరుగ చూతము. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. ఆ పట్టమునకు ఐదున్నర సంవత్సరముల చదువు. అందులో కడపటి సంవత్సరము పని చేయుచు నేర్చుకొనునది. ఆవు చూడి కట్టినదా లేదా యని తెలిసికొనుటకు వైద్యుడు భుజము దాక తొడుగు తొడిగికొని, చేతిని లోనికి చొప్పించి, గర్భకోశమును వ్రేళ్లతో తడిమి చూడవలెను. అచ్చట చూచునవి కన్నులు కావు, వ్రేళ్లు. తెరపై నూరు మారులు చూచినను వ్రేళ్లకు చదువు రాదు. అయినను శస్త్రచికిత్సాక్రమమును చూపు వీడియోను ముందునాటి రాత్రి రెండు మారులు చూచి వచ్చినచో, మరునాడు కత్తి పట్టుటలోని మెలకువలు నేర్పుటకు గురువునకు కాలము మిగులును. తోడు అనగా నిది.

జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ కళాశాలయు, పరిశోధనస్థానమును కలవు. తెలంగాణమున పేరొందిన జగిత్యాల సన్నాలు అను వరివంగడము ఆ పరిశోధనస్థానమున రూపొందినదే. బురదమడిలో దిగి, వెన్నులు పరీక్షించి, పంట వెంట పంటగ ఏరి సాధించిన ఫలమది. పసుపు పండు ఈ ప్రాంతమున దుంపకుళ్లు తెగులును గుర్తింప నేర్చుకొను విద్యార్థికి, వాడిన ఆకును పటములో చూచుట చాలదు. మొక్కను పెకలించి మెత్తబడిన దుంపను నొక్కి చూడవలెను. అదే జగిత్యాల దాపున నాచుపల్లిలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల కలదు. కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయుటను ఆపి, వెనుకకు త్రిప్పి, మరల చూచి నేర్చుకొనుట తరగతిలోకంటె ఇంటనే సులభము కావచ్చును. కావున ఒకే జిల్లాలో, ఒక విద్యకు సగము తెరపై చెల్లవచ్చును. మరియొక విద్యకు పదవ వంతును చెల్లకపోవచ్చును. నిధుల సంఘమువారు 40 వరకు అని హద్దు మాత్రమే చెప్పిరని సమాధానము వచ్చును. నిజమే. కాని మన కార్యాలయములలో హద్దు లక్ష్యముగ మారుటకు ఎంతో కాలము పట్టదు. ఏ పాఠములో ఎన్ని వంతులో నిర్ణయింపవలసినవాడు ఆ పాఠము చెప్పువాడే కాని, పట్టిక నింపించువాడు కాదు.

సిరిసిల్లలో చిక్కు పాఠమున లేదు, ఇంటిలో నున్నది. వేలకొలది మరమగ్గము లాడు పట్టణ మది. షెడ్డు ప్రక్కనే యిల్లు. మగ్గముల చప్పుడు గోడ దాటి వచ్చును. తండ్రి రాత్రి షిఫ్టు ముగించి నిద్రించుచుండును. తల్లి చేట ముందిడుకొని బీడీలు చుట్టుచుండును. ఇంటికంతకు ఉన్నది ఒక్క ఫోను. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున గ్రామీణకుటుంబములలో నూటికి సుమారు 15 ఇండ్లకును, పట్టణకుటుంబములలో నూటికి 42 ఇండ్లకును మాత్రమే ఇంటర్నెట్టు సదుపాయ ముండెను. ఆ పిదప ఫోనులు బహుళముగ పెరిగినమాట వాస్తవమే. ఐనను ఇంటికొక ఫోను వేరు, విద్యార్థికొక ఫోను వేరు. ఫోనుండుట వేరు, చదువుకొనుటకు నిశ్శబ్దమైన మూల యుండుట వేరు. నేతవారికి చెప్పదగిన మాట యొకటి కలదు. ముందు పడుగు బిగింపవలెను. పిదపనే పేక నడువవలెను. తరగతి పడుగు, తెర పేక. పడుగు దారములు తెంచి పేకను ఎంత వేగముగ నడిపినను బట్ట కానేరదు.

భాషను గూర్చి యొక మాట. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వయం అను వేదికపై గొప్ప విద్యాసంస్థల ఆచార్యుల పాఠములు ఉచితముగ లభించుచున్నవి. వానిని మేము గౌరవించుచున్నాము. కాని అందు పెక్కు పాఠములు ఆంగ్లమున నున్నవి. తెలుగుబడిలో చదివి వచ్చిన పిల్లకు ఆ ఆచార్యుని విషయము కఠినము కాదు, వాక్యము కఠినము. మన కళాశాలలలోని అధ్యాపకుడు ఆంగ్లవాక్యము చదివి, వెంటనే తెలుగున విప్పి చెప్పి, ఊరిలోని యుదాహరణ నొకటి కలుపును. అసలైన మిశ్రబోధనము అదియే; అది ఏ భావపత్రమును రాకముందే మన తరగతులలో జరుగుచున్నది. 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ సిరిసిల్లలో సమావేశమైనది. తెలుగుపిల్లలకు తెలుగున చదువు కావలెననుట ఆ మహాసభోద్యమపు ముఖ్యాశయములలో నొకటి. నాడు తరగతిలో రాజభాష అడ్డమైనది. నేడు తెరపై మరియొక భాష అడ్డమగుచున్నది. నాటివారి పోరాటమును స్మరించి సభలు జరుపు మనము, నేటి యడ్డును చూచి యూరకుండుట తగునా?

ప్రతిపక్షుల వాదము బలమైనదే. దానిని చులుకన చేయము. "ఖాళీలన్నిటిని నింపుటకు ధనము లేదు. గొప్ప ఆచార్యుని పాఠము నొక్కమారు చిత్రించినచో లక్షమంది వినగలరు. లేని అధ్యాపకునికంటె తెరపైని అధ్యాపకుడు మేలు కాదా?" అని వారందురు. 2010లో అమెరికా విద్యాశాఖవారు పూర్వపరిశోధనలను సమీక్షించి ప్రకటించిన నివేదికలో, కేవల ప్రత్యక్షబోధనకంటె మిశ్రబోధనమున ఫలితములు సగటున మెరుగని తేలినదనియు చెప్పుదురు. నిజమే. కాని అదే నివేదికలో మరియొక మాట కలదు. ఆ మిశ్రతరగతులలో పెక్కింట విద్యార్థులకు అదనపు కాలము, అదనపు సామగ్రి లభించినవనియు, కావున ఆ మేలును మాధ్యమమునకే కట్టిపెట్టరాదనియు అందు హెచ్చరించిరి. అనగా, అదనముగ పెట్టినచోట ఫలము వచ్చినది. మనవారు కోరునది అదనముగ పెట్టుట కాదు, ఉన్నదానిలో మిగుల్చుకొనుట. ఎరువు వేసిన పొలపు దిగుబడిని చూపి, ఎరువు వేయని పొలమున కౌలు వసూలు చేయవచ్చునా?

లేని అధ్యాపకుని మాట కూడ విచారింతము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై దుబాయి, మస్కటులకు పోయినవారు వేనవేలు. వారి పిల్లలు ప్రతి రాత్రియు తెరపై తండ్రిని చూచుచున్నారు. ఒకప్పుడు ఉత్తరమునకై నెలలు ఎదురుచూచినవారికి ఇది గొప్ప మేలు. ఐనను తెరపైని తండ్రి, ఇంటనున్న తండ్రి ఒక్కటేయని ఈ ప్రాంతమున నే తల్లియు చెప్పదు. తెరపై ఎట్లును కనబడుచున్నాడు గదా, ఇక ఇంటికి రానక్కరలేదని చెప్పినవాని నామె క్షమింపదు. తెర యెడబాటును ఓర్పించును. ఎడబాటును రద్దు చేయదు. ఇంత చిన్న సత్యము మన యిండ్లలోని యిల్లాండ్రకు తెలిసియుండగా, విద్యాధికారులకు తెలియకపోవుట వింత.

ఇందు మిక్కిలి దీనులు అతిథి అధ్యాపకులు. వారికి నెలజీతము లేదు. చెప్పిన గంటకింత యని లెక్క. తరగతిగంట తెరగంటయైనచో ఆ గంటకు వేతన ముండునా? ఒకనాడు చిత్రించిన పాఠమును మరుసటి సంవత్సరము మరల చూపినచో ఎవ్వరికి చెల్లింతురు? తన నోటితో తన యుద్యోగమునకే మారు తయారు చేసికొను దుస్థితి మగ్గము నేయువానికిని లేదు. స్థిరోద్యోగుల స్థితియు పూర్తిగ సుఖము కాదు. 2018 నాటి యూజీసీ నిబంధనలలో సహాయాచార్యునకు వారమునకు 16 గంటల ప్రత్యక్షబోధన విధింపబడినది. పది నిమిషముల పాఠమును కూర్చుటకు పట్టు గంటలను ఆ 16 లో చేర్చనిచో, మిశ్రబోధనము జీతము లేని వెట్టి యగును.

ఇంతవరకు అధికారులను విమర్శించితిమి. న్యాయబుద్ధి గలవారము కావున అధ్యాపకులలో నొక వర్గమును గూర్చియు చెప్పవలెను. "తెర మాకేల? మా గురువులు మాకు చెప్పినట్లే మేము చెప్పుదుము" అని కొందరు భీష్మించుకొని కూర్చున్నారు. వారిలో కొందరి తరగతికి పోయి చూచినచో, ఏండ్లనాటి నోట్సును పసుపుబారిన కాగితములనుండి చదివి వ్రాయించుట కనబడును. నోట్సు వ్రాయించుట బోధన కాదు. ఆ పనిని తెర నిస్సందేహముగ మరింత చక్కగ చేయగలదు. గురువు చేయు పని తెరచే పూర్తిగ చేయబడుచున్నచో, ఆ గురువు ముందే తెరయైనాడని యర్థము. అట్టివారు గురుత్వముయొక్క గౌరవమును అడ్డము పెట్టుకొని తమ యాలస్యమును కాపాడుకొనరాదు. పాఠశాలలో పనిచేయు మాకును ఈ మాట వర్తించును.

ఇక గృహస్థులారా, ఇందు మీ పాత్ర యేమి? పాఠములో కొంత భాగము ఇంటికి వచ్చినదన్నచో, మీ యిల్లు కొంత కళాశాలయైనదని యర్థము. కళాశాలలో కొమారునకు కుర్చీయు, కొమార్తెకు నేలయు వేయరు. ఇద్దరికిని ఒకే బల్ల. మీ యింటి కళాశాలలో నట్లు జరుగుచున్నదా? ఒక్క ఫోనున్నచోట అది మొదట ఎవరి చేతికి పోవుచున్నది? పాఠము జరుగు వేళ కొడుకును "చదువుకొనుచున్నాడు, పలుకరింపకుడు" అందురు, కూతురును "వినుచునే బియ్యమేరరాదా? బీడీలు చుట్టరాదా?" అందురు. తరగతిగదికి పోయినంతసేపు ఆ బాలిక యింటిపనినుండి విముక్తురాలు. ఆ గోడలే ఆమెకు కోట. పాఠము ఇంటికి వచ్చినదో, ఆ కోట కూలినది. వందేండ్లుగ సంస్కర్తలు ఆడుపిల్లను వీధి దాటించి బడికి చేర్చిరి. ఇప్పుడు బడిని ఇంటికి తెచ్చు నెపమున ఆమెను మరల వంటింటికి చేర్చినచో, ఆ శ్రమయంతయు వ్యర్థము. మిశ్రబోధనమును గూర్చిన చర్చలో మాకు అన్నిటికంటె భయము గొలుపు విషయ మిదియే.

నిందించి యూరకుండుట మా యుద్దేశము కాదు. మేము కోరునవి అయిదు. మొదటిది: మిశ్రబోధన పేర ఒక్క అధ్యాపకపదవియు తగ్గింపబడదని ప్రభుత్వము స్పష్టముగ ప్రకటింపవలెను. రెండవది: పాఠము కూర్చుటకు పట్టు కాలమును పనిగంటలుగ లెక్కింపవలెను, అతిథి అధ్యాపకులకు దానికి వేతన మియ్యవలెను. మూడవది: ఏ పాఠ్యాంశములో ఎంత భాగము తెరపై నుండవలెనో ఆయా అధ్యాపకులే నిర్ణయింపవలెను, చేతిపని గల విద్యలలో చేతిపనిని తెరకు వదలరాదు. నాలుగవది: ప్రతి కళాశాలలోను సాయంకాలము దాక తెరచియుండు ఒక గది, అందు కంప్యూటర్లు, ఇంటర్నెట్టు, అరువునకిచ్చు పరికరములు నుండవలెను, అట్లున్నచో ఒక్క ఫోనున్న యింటి బాలికయు కళాశాలలోనే ఆ పాఠమును చూచుకొనును. ఐదవది: తెలుగున పాఠములు తయారు చేయుటకు మన విశ్వవిద్యాలయములు ఏకమై పూనుకొనవలెను, సార్వత్రిక విశ్వవిద్యాలయపు నలువది యేండ్ల యనుభవము అందుకు పునాదిగ నున్నది.

ఈ అయిదింటిలో మొదటిదానికి ఒప్పుకొననివారు తక్కిన నాలుగింటిని గూర్చి ఎంత తియ్యగ పలికినను నమ్మకుడు. తోడుగ వచ్చినదెల్ల తోడేయని నిరూపించుకొనుటకు గుర్తు ఒక్కటే: అది వచ్చిన తరువాత గురువు మిగిలియుండవలెను. తల్లిదండ్రుల సమావేశములలో, పట్టణసభలలో, ఎన్నికలకు వచ్చు అభ్యర్థుల యెదుట ఈ ప్రశ్నను మీరే వేయుడు. మా పిల్లలకు తెర యిచ్చుచున్నారు, సంతోషము, గురువు నెప్పుడిత్తురు?